ఎవరూ పాస్ చేయని కార్డు

డ్రాఫ్ట్‌లో ఏ కార్డు మితిమీరిన బలంతో ఉందో తెలుసుకోవడానికి దాని మీద రాసింది చదవక్కర్లేదు, తీసుకునేవాడి చేతులు చూస్తే చాలు. ప్యాకు విప్పుతాడు, మూడో కార్డు దగ్గర ఆగుతాడు. మిగతా పన్నెండింటి మొహం కూడా చూడకుండా దాన్ని లాగి తన ముందు బోర్లా పెట్టుకుని, ప్యాకును పక్కవాడి వైపు నెట్టేస్తాడు. ఆలోచిస్తున్నట్టు నటించే ఓపిక కూడా ఉండదు. బోర్లా పడ్డ ఆ కార్డు చాలాసార్లు ఆర్టిఫ్యాక్టే అయి ఉంటుంది.

వెనకటి అధ్యాయాలు దాటేసి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త తయారుచేసిన ఆట. అమెరికాలోని విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అచ్చు వేస్తోంది. ఇన్నేళ్లలో వచ్చిన వేల కార్డుల్లోంచి మన ఇష్టం కొద్దీ ఏరి, ఒక్కో కార్డూ ఒక్కటే ఉండేలా కట్టుకున్న పెట్టెను క్యూబ్ అంటాం. ఎనిమిది మంది కూర్చుంటారు. ఒక్కొక్కరికి పదిహేను కార్డుల ప్యాకులు మూడు, మొత్తం 360 కార్డులు. ఒకటి తీసుకుని మిగతావి పాస్ చేస్తూ పోతే చివరికి తలా 45 కార్డులు చేతికొస్తాయి. అందులో 22, 23 ఉంచుకుని, కార్డులు దింపడానికి కట్టాల్సిన మానా అనే శక్తినిచ్చే ల్యాండ్లు కలిపి, 40 కార్డుల డెక్ కడతారు.

తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని ఈ ఆటలో ఐదు రంగులు. ఎర్ర కార్డు ఎంత గొప్పదైనా నీలం, తెలుపు ఆడేవాడికి పనికిరాదు. కాబట్టి వదిలేస్తాడు, అది ఆరో చేతికో ఏడో చేతికో వెళ్తుంది. ఆర్టిఫ్యాక్టుల్లో చాలావాటికి రంగు ఉండదు. రమ్మీలో జోకర్ ఎవరి చేతిలో పడ్డా ఎలా ఇముడుతుందో, ఇవీ ఏ డెక్‌లోనైనా అలా ఇముడుతాయి. అందుకే ఒక ఎర్ర కార్డును తూచే తూనికతో ఆర్టిఫ్యాక్టును తూచకూడదు. ఎర్ర కార్డు అతిగా ఉంటే ఎరుపు ఆడే ఇద్దరు ముగ్గురు లాభపడతారు. ఆర్టిఫ్యాక్టు అతిగా ఉంటే ఎనిమిది మందీ దాని వెంటే పడతారు, డ్రాఫ్ట్‌లో ఎంపిక అనేదే మిగలదు.

ఏ ఆర్టిఫ్యాక్టును క్యూబ్‌లోకి తీసుకోవాలన్నా నేను మొదట అడిగే ప్రశ్న ఇది: దీన్ని చూసి, చదివి, అర్థం చేసుకుని కూడా పాస్ చేసే మంచి ఆటగాడు ఈ టేబుల్ దగ్గర ఉంటాడా? ఉంటే, ఎందుకు పాస్ చేస్తాడు? ఈ రెండో ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఆ కార్డు పెట్టదగిందే.

సోల్ రింగ్‌తో మొదలుపెడదాం. ఒక్క మానా ఖర్చు. ట్యాప్ చేస్తే, అంటే అడ్డంగా తిప్పితే, రంగులేని మానా రెండు ఇస్తుంది, ప్రతి టర్నూ ఇస్తుంది. కార్డు మీద అంతకుమించి ఏమీ లేదు, చదవడానికి అమాయకంగానే ఉంటుంది. ఇప్పుడు బల్ల మీద పెట్టి చూడండి. మొదటి టర్నులో ఒక ల్యాండ్ దింపి, దాని మానాతో సోల్ రింగ్ వేశారు. రింగ్ వెంటనే రెండు మానా ఇస్తుంది. ఆ రెంటితో, మానా ఇచ్చే ఇంకో ఆర్టిఫ్యాక్టు సిగ్నెట్ వేశారు. రెండో టర్నుకు రెండు ల్యాండ్లు, రింగ్ ఇచ్చే రెండు, సిగ్నెట్ వల్ల ఇంకొకటి, మొత్తం ఐదు మానా. ఎదుటివాడి దగ్గర ఉన్నది రెండు. అతను చిన్న క్రీచర్‌ను దింపేసరికి మీరు బ్యాటర్‌స్కల్ దింపుతారు. అది నాలుగు బై నాలుగు బలంతో దిగి, కొట్టిన ప్రతిసారీ మీకు లైఫ్ తెచ్చిపెడుతుంది. అతను తప్పేమీ చేయలేదు. డెక్ బాగానే కట్టాడు, చేతిలో కార్డులూ బాగానే ఉన్నాయి. ఆట అయిపోయింది, అంతే.

ఇలా ఎన్నిసార్లు జరుగుతుంది? 40 కార్డుల డెక్‌లో ఒక ఫలానా కార్డు మొదటి ఏడింటిలో ఉండే అవకాశం 17.5 శాతం. సుమారు ఆరు ఆటలకు ఒకటి. మిగతా ఆటల్లో అదే సోల్ రింగ్ ఎనిమిదో టర్నులో వస్తే పెద్దగా ఉపయోగం లేదు. మొదటి టర్నులో రాక్షసి, ఎనిమిదో టర్నులో చెత్త. నా ఫిర్యాదు ఆ తేడా మీదే, దాని బలం మీద కాదు. ఓడినవాడికి ఏం నేర్చుకోవాలో తెలియదు, గెలిచినవాడికి తనేం చేశాడో తెలియదు.

దీని పక్కన మైండ్ స్టోన్ పెట్టి చూడండి. 1997 నాటి కార్డు. రెండు మానా ఖర్చు, టర్నుకు ఒక మానా ఇస్తుంది. అవసరం తీరాక ఒక మానా కట్టి దాన్ని త్యాగం చేస్తే కొత్త కార్డు తీసుకోవచ్చు. మొదట్లో వస్తే మంచిది, చివర్లో వచ్చినా చేతికి బరువు కాదు. ఎర్ర దూకుడు డెక్ ఆడేవాడు దీన్ని నిశ్చింతగా పాస్ చేస్తాడు. ఎందుకంటే రెండో టర్నులో అతను క్రీచర్ దింపి కొట్టాలి, రాయి పెట్టుకుని కూర్చుంటే అతని ఆట సాగదు. చూశారా, ఒక్క వాక్యంలో జవాబు దొరికింది. అందుకే మైండ్ స్టోన్‌ను కొలబద్దగా పెట్టుకోమంటాను. మానా ఇచ్చే ఏ కొత్త ఆర్టిఫ్యాక్టు చేతికొచ్చినా దాన్ని మైండ్ స్టోన్ పక్కన పెట్టండి. ఏదో ఒక రకం డెక్‌కు దానికంటే మెరుగ్గా ఉండాలి, ఏదో ఒక రకం డెక్‌కు దానికంటే నాసిగా ఉండాలి. అందరికీ మెరుగైతే అనుమానించండి, అందరికీ నాసి అయితే పక్కన పడేయండి.

సోల్ రింగ్‌ను ఆ ఎర్ర ఆటగాడు కూడా వదలడు. తనకు పెద్దగా పనికిరాకపోయినా సరే. పాస్ చేస్తే పక్కవాడి చేతికి పోయి తన మెడకే చుట్టుకుంటుందని అతనికి తెలుసు.

ఇక ధర సంగతి. కొత్తగా క్యూబ్ కట్టేవాళ్లు కార్డు కుడివైపు పై మూలన ఉన్న మానా ఖర్చునే ధర అనుకుంటారు. ఆ మూలన సున్నా ఉన్నా కూడా ధరను ఇంకోచోట వసూలు చేయవచ్చని ఈ ఆట తయారుచేసేవాళ్లు పాతికేళ్లపాటు చూపిస్తూ వచ్చారు. ఆర్టిఫ్యాక్టును తూచడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం.

1993లో వచ్చిన మాక్స్‌లు ఐదు, రంగుకొకటి. ఖర్చు సున్నా, టర్నుకు తన రంగు మానా ఒకటి. షరతులేమీ లేవు. బ్లాక్ లోటస్ కూడా అప్పటిదే. ఖర్చు సున్నా, త్యాగం చేస్తే ఒకే రంగు మానా మూడు. ఆటగాళ్లు పవర్ నైన్ అని పిలుచుకునే తొమ్మిది కార్డుల్లో ఈ ఆరూ ఆర్టిఫ్యాక్టులే. ఆ తర్వాత 1998లో మాక్స్ డైమండ్ వచ్చింది. ఖర్చు సున్నాయే, కాని దింపాలంటే చేతిలోంచి ఒక ల్యాండ్ వదులుకోవాలి. 2003లో వచ్చిన క్రోమ్ మాక్స్‌కు మానా కావాలంటే చేతిలోని రంగు కార్డు ఒకటి శాశ్వతంగా పక్కన పెట్టాలి. 2010లో మాక్స్ ఓపల్ వచ్చింది, దానికి మీ దగ్గర మూడు ఆర్టిఫ్యాక్టులు ఉంటేనే ప్రాణం. 2018లో మాక్స్ ఆంబర్, దానికి లెజెండరీ క్రీచరో ప్లేన్స్‌వాకరో ఉండాలి. నాలుగింటికీ మూలన సున్నానే. మొదటి రెండూ మీ చేతిలోని కార్డులతో ధర కట్టించుకుంటాయి, తర్వాతి రెండూ మీ డెక్ స్వరూపంతో కట్టించుకుంటాయి.

మూడో రకం ధర కాలం. 2006 నాటి లోటస్ బ్లూమ్ చేసే పని బ్లాక్ లోటస్ చేసేదే. కాకపోతే ఈ రోజు పక్కన పెడితే మూడు టర్నులు ఆగి దిగుతుంది. 2021లో వచ్చిన సోల్ టాలిస్మన్ కూడా అలాంటిదే: ఒక మానా కట్టి పక్కన పెడతారు, మూడు టర్నుల తర్వాత సోల్ రింగ్ చేసే పనే చేస్తుంది. మొదటి టర్నులో పెడితే నాలుగో టర్నుకు అందుతుంది, ఆరో టర్నులో పెడితే తొమ్మిదికి. ఇక వోర్న్ పవర్‌స్టోన్ అయితే అదే రెండు మానా ఇస్తుంది కాని ఖర్చు మూడు, పైగా ట్యాప్ అయి దిగుతుంది. సోల్ రింగ్‌తో పోలిస్తే ఖర్చు రెండు మానా ఎక్కువ, ఆలస్యం ఒక టర్ను. మామూలు క్యూబ్‌లో హాయిగా ఇమిడిపోయే కార్డు అవ్వడానికి ఆ మాత్రం చాలింది. మీరే సొంతంగా కార్డులు తయారుచేసి క్యూబ్‌లో పెట్టే బాపతు అయితే సోల్ రింగ్, సోల్ టాలిస్మన్, వోర్న్ పవర్‌స్టోన్ మూడింటినీ వరసగా పేర్చి ఎదురుగా పెట్టుకోండి. ఫలితాన్ని కదపకుండా ధరను ఎన్ని వైపుల నుంచి పెంచవచ్చో అక్కడే కనబడుతుంది.

మానా క్రిప్ట్ ధర ఇంకో దారిలో ఉంటుంది. ఖర్చు సున్నా, టర్నుకు రెండు మానా. కాని మీ ప్రతి టర్ను మొదట్లో బొమ్మా బొరుసా వేయాలి, ఓడితే మూడు డ్యామేజీ. సగటున టర్నుకు ఒకటిన్నర. చాలామంది కలిసి ఆడే కమాండర్ అనే ఫార్మాట్‌లో ఒక్కొక్కరికి 40 లైఫ్ ఉంటుంది కాబట్టి ఆ దెబ్బను ఎవరూ లెక్కచేయలేదు. 2024 సెప్టెంబరులో ఆ ఫార్మాట్‌లో దీన్ని నిషేధించారు. మన క్యూబ్‌లో 20 లైఫ్, ఎదురుగా ఒక్కడే. ఆరు టర్నులు సాగితే సగటున తొమ్మిది పోతుంది. ఎర్ర డెక్ ఎదురైనప్పుడు అది చిన్న ధరేమీ కాదు. అయినా నేను పెట్టను. మొదటి రెండు టర్నుల్లో వచ్చే లాభానికి ఆరో టర్ను దాకా పూర్తి బిల్లు రాదు, చాలా ఆటలు అంతదాకా సాగవు.

గ్రిమ్ మోనోలిత్, మానా వాల్ట్ లాంటివి వేరే జాతి. ఒకసారి మూడు మానా ఇచ్చి ట్యాప్ అయి పడుకుంటాయి, మళ్లీ లేపాలంటే నాలుగు కట్టాలి. వాటిని మానా మూలం అనుకోకండి, ఒక్కసారికి ఇచ్చే అప్పు అనుకోండి. ఆ అప్పుతో ఏం కొంటారన్నదే ప్రశ్న. ఆరు మానా పెట్టి కొనదగిన భయంకరమైన వస్తువేదీ మీ క్యూబ్‌లో లేకపోతే మోనోలిత్ పాపం ఏమీ చేయలేదు.

రెండేసి రంగుల మానా ఇచ్చే సిగ్నెట్లు, టాలిస్మన్లు చెరో పది ఉన్నాయి, ఇరవయ్యీ పెట్టాలన్న ఆశ ఉంటుంది. పెట్టకండి. 360 కార్డుల్లో ఇరవై అంటే సగటున మనిషికి రెండున్నర. కాని సగటు ఎప్పుడూ జరగదు. దూకుడు డెక్‌ల వాళ్లు తీసుకోరు, కాబట్టి మిగతా ముగ్గురు నలుగురు తలా ఐదారు పోగేస్తారు. ప్రతి ఆటా మూడో టర్నుకే నాలుగైదు మానాతో నడుస్తుంది, ఒక మానాకు దిగే చిన్న క్రీచర్లన్నీ దండగ అవుతాయి. పది చాలు. సిగ్నెటా టాలిస్మనా అంటే, టాలిస్మన్ దిగిన టర్నులోనే ఒక మానా తిరిగి ఇస్తుంది, రంగు మానా కావాలంటే ఒక డ్యామేజీ. సిగ్నెట్‌కు ముందు ఒక మానా పోస్తేనే రెండు రంగులూ ఇస్తుంది. చురుకైన ఆట కావాలంటే టాలిస్మన్లు, నిదానంగా సాగే ఆటకు సిగ్నెట్లు. ఇంతకంటే దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మానా ఇచ్చేవి కాక ఇంకో గుంపు ఉంది, ఇరుగుపొరుగును బట్టి బలం మారేవి. స్కల్‌క్లాంప్ ఇందులో పాఠ్యపుస్తకం లాంటి కేసు. ఒక మానాకు దిగుతుంది, ఇంకొక మానాతో క్రీచర్‌కు తగిలిస్తే దాడి ఒకటి పెరిగి, ఓర్పు ఒకటి తగ్గుతుంది. ఆ క్రీచర్ చస్తే మీకు రెండు కార్డులు. ఓర్పు ఒకటే ఉన్న బుల్లి క్రీచర్‌కు తగిలించగానే అది చస్తుంది. అంటే ఒక మానాకు రెండు కార్డులు, బుల్లి క్రీచర్లు ఉన్నంతసేపూ. తయారీ చివరి దశలో అంకెలు మార్చి, మారాక సరిగా ఆడి చూడకపోవడం వల్ల అలా బయటికొచ్చిందని తర్వాత తయారీవాళ్లే చెప్పుకొన్నారు. 2004 ఫిబ్రవరిలో వచ్చిన కార్డును జూన్‌కల్లా, కొత్త సెట్లతోనే ఆడే స్టాండర్డ్ ఫార్మాట్‌లో నిషేధించారు. ఇప్పుడు మీ క్యూబ్ తీయండి. ఓర్పు ఒకటి ఉన్న క్రీచర్లు, టోకెన్లు చేసే కార్డులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ముప్పై నలభై ఉంటే స్కల్‌క్లాంప్ మీ క్యూబ్‌ను తినేస్తుంది. పెద్ద క్రీచర్లూ స్పెల్సూ నిండిన క్యూబ్‌లో మాత్రం దాన్ని చివరి పిక్‌గా కూడా ఎవరూ తీసుకోరు.

ఉమెజావాస్ జిట్టే సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. క్రీచర్లు కొట్టుకునే క్యూబ్‌లో అది దిగాక ఎదుటివాడికి ఒక్క చిన్న క్రీచర్ కూడా మిగలదు. మొదటి నాలుగు టర్నుల్లో మాయలతోనే ఆట ముగిసే పవర్ క్యూబ్‌లో మాత్రం అది మర్యాదస్తురాలు.

టింకర్ అనే నీలం కార్డును మరవొద్దు. మూడు మానాకు దొరుకుతుంది. ఒక ఆర్టిఫ్యాక్టును త్యాగం చేసి డెక్‌లోంచి ఏ ఆర్టిఫ్యాక్టునైనా నేరుగా దింపుతుంది. దాంతో పన్నెండు మానా బ్లైట్‌స్టీల్ కొలోసస్ మూడో టర్నుకే దిగుతుంది, ఒక్క దెబ్బకు ఆట ముగుస్తుంది. టింకర్ ఉన్న క్యూబ్‌లో రెండు మానా సిగ్నెట్ కూడా మునుపటి సిగ్నెట్ కాదు, పెద్ద ఆర్టిఫ్యాక్టు ఖర్చు పన్నెండైనా ఆరైనా ఒకటే. ఒక కార్డు పెట్టి మిగతా ఇరవై కార్డుల రేటు మార్చేశారన్నమాట. మీ క్యూబ్ 540 కార్డులదైతే ఎనిమిది మంది డ్రాఫ్ట్‌లో మూడింట రెండు వంతులే బల్ల మీదకొస్తాయి. టింకరూ కొలోససూ రెండూ వచ్చేది సగం సార్లకంటే తక్కువే. అవి ఒకే చేతిలో పడేది ఇంకా తక్కువ. పెద్ద క్యూబ్‌లో అందుకే టింకర్‌ను కాస్త ధైర్యంగా పెట్టొచ్చు.

బలం లెక్క తేలాక విరుగుడు లెక్క చూడాలి. ఆర్టిఫ్యాక్టును పగలగొట్టడం తెలుపు, ఎరుపు, ఆకుపచ్చలకు సహజం. నీలం దిగకుండా అడ్డుకోగలదు, దిగినదాన్ని తాత్కాలికంగా చేతికి పంపగలదు. నలుపు దాదాపు నిస్సహాయురాలు. మీరు పెట్టిన బలమైన ఆర్టిఫ్యాక్టులకు సమాధానం మూడు రంగుల్లోనే ఉందంటే నలుపు, నీలం ఆడేవాడు ఆటకు ముందే సగం ఓడినట్టు. ఇంకో చిక్కు ఉంది. కేవలం ఆర్టిఫ్యాక్టును పగలగొట్టడానికే పనికొచ్చే కార్డును ఎవరూ డెక్‌లో పెట్టుకోరు, ఎదుటివాడి దగ్గర ఆర్టిఫ్యాక్టు ఉంటుందో లేదో తెలియదు కదా. అందుకే రెండు పనులు చేసే కార్డులు వెతకండి. అబ్రేడ్ క్రీచర్‌కు మూడు డ్యామేజీ ఇస్తుంది, లేదా ఆర్టిఫ్యాక్టును పగలగొడుతుంది. రిక్లమేషన్ సేజ్ మూడు మానాకు క్రీచర్‌గా దిగుతూ పగలగొడుతుంది. కోలఘాన్స్ కమాండ్ నలుపు, ఎరుపు కలిసిన కార్డు, నలుపుకు దొరికే కొద్దిపాటి సాయాల్లో అదొకటి. ఇలాంటివి రంగుకు మూడు చొప్పున ఉంటే టేబుల్ ఊపిరి పీల్చుకుంటుంది.

బలంతో సంబంధం లేకుండా తీసేయాల్సినవి కొన్ని ఉంటాయి. సెన్సేస్ డివైనింగ్ టాప్ ఒక మానా ఇచ్చిన ప్రతిసారీ డెక్ పైనున్న మూడు కార్డులూ చూసి వరస మార్చుకోనిస్తుంది. ఒక్కసారి చూడటానికి ఇరవై సెకన్లు అనుకుందాం. టర్నుకు రెండుసార్లు చూస్తాడు, ఎదుటివాడి టర్నులో ఇంకోసారి. 2017లో పాత కార్డులతో ఆడే లెగసీ ఫార్మాట్‌లో దీన్ని నిషేధించినప్పుడు ఆట సాగదీయడం కూడా ఒక కారణం. ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది మంది మూడు రౌండ్లు ఆడాలనుకుంటే ఒక్క టాప్ వల్ల ఏడుగురు టీ తాగుతూ ఎదురుచూడాలి.

మన దేశం ఛాయతో రూపొందించిన కలదేశ్ లోకం నుంచి 2016లో వచ్చిన స్మగ్లర్స్ కాప్టర్ నా క్యూబ్‌లో ఉంది. రెండు మానా, మూడు బై మూడు, ఎగురుతుంది. కొట్టినప్పుడల్లా చేతిలోని పనికిరాని కార్డును మార్చుకోవచ్చు. ఏ రంగుకైనా పనికొస్తుంది కాబట్టి ప్రతి డెక్‌లోనూ కనబడి, 2017 జనవరికల్లా స్టాండర్డ్‌లో నిషేధానికి గురైంది. మరి నేనెందుకు పెట్టాను? అది నడవాలంటే మీ దగ్గర ఒక క్రీచర్ ఉండి, దాన్ని ట్యాప్ చేయాలి. క్రీచర్లు పెద్దగా లేని నీలం కంట్రోల్ డెక్‌వాడు దాన్ని చూసి నవ్వి పాస్ చేస్తాడు. క్యూబ్‌లో అది ఒక్కటే ఉంటుంది, స్టాండర్డ్‌లోలా నాలుగు కాదు.

పరీక్షించడానికి ఎనిమిది మంది దొరకడం మన ఊళ్లలో కష్టమే. ఇద్దరు చాలు. డెక్ కలిపి ఏడు కార్డులు తీయండి, అందులో ఒకటి తీసేసి అనుమానమున్న ఆర్టిఫ్యాక్టు పెట్టండి. నాలుగు టర్నులు ఆడి, బల్ల మీద ఉన్నది కాగితం మీద రాయండి. మళ్లీ అదే ఏడు కార్డులు, అదే డ్రా వరస, ఆర్టిఫ్యాక్టు బదులు మైండ్ స్టోన్. మళ్లీ నాలుగు టర్నులు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్నవాడిని అడగండి: ఏ ఆటలో నీకు చేయడానికి ఏదో ఒకటి ఉంది? గెలుపోటములు అడగకండి.

డబ్బు విషయానికొస్తే, బ్లాక్ లోటస్, మాక్స్‌లు 1996లో ప్రకటించిన రిజర్వ్‌డ్ లిస్టులో ఉన్నాయి, పోటీల్లో చెల్లేలా మళ్లీ అచ్చు వేయరు. ధర లక్షల్లో. స్నేహితుల మధ్య ఆడే క్యూబ్‌కు కాగితం మీద ప్రింటు తీసి, స్లీవ్‌లో మామూలు కార్డు ముందు దూర్చుకుంటే సరిపోతుంది. ప్రాక్సీ పెట్టుకున్నాక ఖరీదైన కార్డు అనే మొహమాటం ఉండదు, ఎంత పేరున్నదాన్నైనా వచ్చే వారం తీసేయొచ్చు.

ఇంత చెప్పినా, సోల్ రింగ్‌తో మొదటి టర్నులోనే విర్రవీగే ఆట కావాలని మీ టేబుల్ అడిగితే కాదనకండి, అదీ ఒక రుచే. అప్పుడు మాత్రం ఒక్క సోల్ రింగ్ పెట్టి ఊరుకోవద్దు. ఎనిమిది మందిలో ఒక్కడికి లాటరీ తగిలి ఏడుగురు చూస్తూ కూర్చునే ఏర్పాటు అన్నింటికంటే చెడ్డది. ఐదు మాక్స్‌లు, లోటస్, క్రిప్ట్, వాల్ట్, మోనోలిత్ అన్నీ పెట్టి, అందరికీ ఒకటో రెండో అందేలా చూడండి. వాటితోపాటు తక్కువ ఖర్చు క్రీచర్లతో ఆడేవాళ్లకు ఆయుధాలివ్వండి. నల్ రాడ్ ఉన్నంతసేపూ ఆర్టిఫ్యాక్టుల ట్యాప్ శక్తులేవీ పనిచేయవు. కలెక్టర్ ఊఫ్ ఆ పనే చేసే ఆకుపచ్చ క్రీచర్. ఇలాంటివి కనీసం నాలుగైదు ఉండాలి. 360లో ఒక్కటే ఉంటే దాన్ని నమ్ముకుని ఎవరూ డెక్ కట్టరు.